పాఠకుల సందేహాలు: ఆర్‌ఎన్‌ఏ ప్రోటీన్లు, క్యాన్సర్ పరీక్షలు

ప్ర: రక్తంలో ఆర్‌ఎన్‌ఏ ప్రోటీన్లు చూసి క్యాన్సర్‌ని ముందే పట్టేస్తారట, ప్యాకేజీ టెస్టు చేయించుకోమని తెలిసినాయన చెప్పారు. నాకు 45 ఏళ్లు, ఏ బాధా లేదు. చేయించుకోమంటారా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జ: వద్దండి. ఆర్‌ఎన్‌ఏను పట్టుకుని పనిచేసే ప్రోటీన్లు మన శరీరంలో సుమారు 1,500 రకాలున్నాయి. ఆరోగ్యంగా ఉన్న కణాలు కూడా ఇవి లేకుండా బతకవు. వీటిని రక్తంలో కొలిచి, ఏ లక్షణాలూ లేనివారిలో క్యాన్సర్ ఉందో లేదో తేల్చే పరీక్ష ఏదీ వైద్యంలో ఇంకా స్థిరపడలేదు. ఆ డబ్బు దాచుకోండి. 30 దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లోనే చేస్తారు. ముందు అవి చేయించుకోండి.

ప్ర: క్యాన్సర్ కణాల్లో హ్యూఆర్ ప్రోటీన్ ప్రభావం ఎక్కువని చదివాను. నా వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్ ఎంత ఉందో చూసే పరీక్ష) మాత్రం మామూలు కణాలకీ వాటికీ తేడా రావడం లేదు. లోపం ఎక్కడ?
– ఎం.ఎస్సీ. విద్యార్థి, మద్దిలపాలెం

జ: కణాలన్నిటినీ మొత్తంగా లైసిస్ చేసి (పగలగొట్టి) ఉంటారు. ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే ప్రోటీన్లలో ఒకటైన హ్యూఆర్ చాలావరకు కేంద్రకంలోనే ఉంటుంది. చాలా కణితుల్లో దాని మొత్తం కంటే అది ఉన్న చోటు ముఖ్యం. కణద్రవ్యంలోకి వచ్చిన హ్యూఆర్, ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి సందేశం మోసే ఆర్‌ఎన్‌ఏ) తోకభాగంలో ఏ, యూ అక్షరాలు దట్టంగా ఉన్నచోట కూర్చుంటుంది. త్వరగా చెదిరిపోవాల్సిన ఆ ఎంఆర్‌ఎన్‌ఏ ఇక నిలిచిపోతుంది. కణితికి తోడ్పడే వీఈజీఎఫ్, కాక్స్-2 లాంటి ప్రోటీన్లు అలాగే పెరుగుతాయి.

కేంద్రకాన్నీ కణద్రవ్యాన్నీ విడదీసి చూడండి. రెండు భాగాల్లోనూ లామిన్ (కేంద్రకానికి గుర్తు), జీఏపీడీహెచ్ (కణద్రవ్యానికి గుర్తు) రెండింటినీ పరీక్షించాలి. కణద్రవ్యం వరుసలో లామిన్ కనబడిందంటే డిటర్జెంట్ ఎక్కువవడం లాంటి కారణంతో కేంద్రకాలు పగిలాయన్నమాట. ఆ బ్లాట్‌ని లెక్కలోకి తీసుకోకండి. తర్వాత హ్యూఆర్‌కి ఏ ఆర్‌ఎన్‌ఏలు అతుక్కున్నాయో చూడాలనుకుంటే, లైసిస్‌కి ముందే, కణాలు ఐస్ మీద ఉండగా 254 నానోమీటర్ల యూవీతో క్రాస్‌లింక్ చేయండి (ప్రోటీన్‌నీ ఆర్‌ఎన్‌ఏనీ విడిపోకుండా బంధించండి). లేకపోతే కణం పగిలాక కొత్తగా అంటుకున్న ఆర్‌ఎన్‌ఏలు కూడా లెక్కలోకి వస్తాయి. ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైమ్‌ని ఆపే ఆర్‌ఎన్‌ఏజ్ ఇన్‌హిబిటర్, ఊరికే అంటుకున్నవాటిని చూపే ఐజీజీ కంట్రోల్ తప్పనిసరి.

ప్ర: మా అబ్బాయికి 14 ఏళ్లు. తొడ ఎముక దగ్గర గడ్డకి బయాప్సీ చేశారు. ‘ఈవింగ్ సార్కోమా అనుమానం, ఈడబ్ల్యూఎస్‌ఆర్1 ఫిష్ పరీక్ష అవసరం’ అని రాశారు. బయాప్సీ ముక్కని మైనంలో బిగించిన బ్లాక్ తీసుకుని అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్దామనుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక తండ్రి, భీమిలి

జ: ఆలస్యం చేయకుండా వెళ్లండి. ఈవింగ్ సార్కోమా అంటే ఎముకల్లో, వాటి చుట్టూ వచ్చే ఒక క్యాన్సర్. మీ అబ్బాయికి రాసిన పరీక్ష ఈడబ్ల్యూఎస్‌ఆర్1 అనే, ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే ప్రోటీన్‌ జన్యువు గురించే. 11, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారైనప్పుడు ఆ జన్యువు విరిగి, ఎక్కువ కేసుల్లో ఎఫ్‌ఎల్‌ఐ1 జన్యువుతో అతుక్కుంటుంది. ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే భాగం పోయి, దాని చోట డీఎన్‌ఏను పట్టుకునే భాగం వస్తుంది. ఆ కలగలుపు ప్రోటీనే కణాన్ని క్యాన్సర్ దారి పట్టిస్తుంది. ఫిష్‌లో జన్యువు అటూ ఇటూ రెండు రంగులు వేస్తారు. అవి కలిసి ఉంటే జన్యువు బాగున్నట్టు, విడిపోతే విరిగినట్టు. జన్యువు ఇలా విరగడం మరికొన్ని కణితుల్లోనూ ఉంటుంది కాబట్టి సూక్ష్మదర్శినిలో రూపం, సీడీ99 అనే ప్రోటీన్‌ని చూపే లాంటి రంగు పరీక్షలు కలిపి చూసి నిర్ణయిస్తారు.

పరీక్ష చెడేది ఎక్కువగా ఎముక ముక్క దగ్గరే. గట్టి ముక్కను కోయడానికి బలమైన ఆమ్లంలో నానబెట్టి కాల్షియం తీస్తే డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ కూడా దెబ్బతింటాయి. ఫిష్‌లో రంగులు వెలగవు. ఈడీటీఏతో తీస్తే ఎక్కువ రోజులు పడుతుంది గానీ డీఎన్‌ఏ మిగులుతుంది. కాబట్టి ‘ముక్కని దేంతో డీకాల్సిఫై చేశారు?’ అని బయాప్సీ చేసిన చోట అడిగి, చీటీ మీద రాయించుకోండి. ఎముక బయట మెత్తటి గడ్డ ఉంటే, అక్కడి ముక్కకి ఈ గొడవే ఉండదు. అలాంటి బ్లాక్ వేరుగా ఉందేమో కనుక్కోండి.

మైనం బ్లాక్‌కి ఐస్ అక్కర్లేదు. ఎండలో మూసిన కారులో మాత్రం వదలకండి, మైనం కరుగుతుంది. రంగు వేసిన స్లైడ్లు, బయాప్సీ రిపోర్టు, ఎమ్మారై సీడీ కూడా తీసుకెళ్లండి. బ్లాక్ ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

మళ్లీ బయాప్సీ చేయాల్సొస్తే ముక్కని వెంటనే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి. ద్రవం ముక్క పరిమాణానికి పదింతలుండాలి. కనీసం 6 గంటలు, 72 గంటలకు మించకుండా ఉంచడం మంచిది. సెలైన్ సీసాలో వేసి పంపితే కణాలు దారిలోనే కుళ్లడం మొదలవుతుంది.

రిపోర్టులో ‘ఫలితం తేలలేదు’ అని వస్తే దాన్ని ‘జబ్బు లేదు’ అని చదవకండి. రంగులు వెలగకపోయినా అలాగే రాస్తారు. వేరే బ్లాక్‌తోనో, ఆర్‌ఎన్‌ఏ ఆధారిత పరీక్షతోనో మళ్లీ చూడమని డాక్టర్‌ని అడగండి.