టెక్ సందేహాలు: పూతరేకుల సైటుకు 82,600 రూపాయలా?

ప్రశ్న: మాది ఆత్రేయపురం. ఇంట్లోనే నలుగురు ఆడవాళ్లం కలిసి పూతరేకులు చేస్తాం. హైదరాబాద్, బెంగళూరు నుంచి ఫోన్లో, వాట్సాప్‌లో నెలకు నలభై దాకా ఆర్డర్లు వస్తాయి. సంక్రాంతికి ఊపిరాడదు. వెబ్‌సైట్ పెట్టమని మా అబ్బాయి ఒకటే గొడవ. రాజమండ్రిలో ఒకరిని అడిగితే 82,600 రూపాయలకు కొటేషన్ ఇచ్చారు. ఇది సరైన ధరేనాండీ?

జవాబు: కొటేషన్ కాగితాన్ని ఫొటో తీసి పంపారు కాబట్టి నా పని సులువైంది. డిజైన్ 28,000, ఆన్‌లైన్ దుకాణం 22,000, ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ 4,000, ఎస్‌ఈఓ (గూగుల్‌లో వెతికితే సైటు పైన కనపడేలా చేసే పని) 10,000, డొమైన్-హోస్టింగ్ (సైటు పేరు, దాన్ని ఉంచే చోటి అద్దె) 6,000. మొత్తం 70,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 12,600. కూడిక తప్పు లేదు. కానీ కాగితమంతా వెతికినా వాళ్ల జీఎస్టీ నంబర్ నాకు కనపడలేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఆ పన్ను వసూలు చేయకూడదు. అందుకని ముందు ఆ నంబర్ అడగండి. 15 అక్షరాలుంటుంది, ఆంధ్రప్రదేశ్‌లో తీసుకున్నదైతే 37తో మొదలవుతుంది. చెప్పలేకపోతే 12,600 అక్కడికక్కడే తగ్గాలి.

ఎస్‌ఎస్‌ఎల్ అంటే మీ సైటుకూ కస్టమర్ ఫోనుకూ మధ్య నడిచే సమాచారాన్ని వేరేవాళ్లు చదవకుండా చేసే ఏర్పాటు. ఉండి తీరాలి. అయితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 నుంచి దీన్ని ఉచితంగా ఇస్తోంది. చాలా హోస్టింగ్ కంపెనీలు హోస్టింగ్‌తోపాటే పెట్టేస్తాయి. మీ సైటుకు అది చాలు, 4,000 కొట్టేయండి.

ఎస్‌ఈఓ దగ్గర 'గూగుల్‌లో మొదటి పేజీ గ్యారంటీ' అని రాశారు. అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ కంపెనీయే చెబుతోంది. ఆ పదివేలకు బదులు ఒక సాయంత్రం మీ అబ్బాయిని కూర్చోబెట్టి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తెరిపించండి. పైసా ఖర్చు లేదు. ఊళ్లోకి కారేసుకుని వచ్చేవాళ్లకు మ్యాప్‌లో మీ ఇల్లు కనపడుతుంది.

డొమైన్-హోస్టింగ్ సంగతి చివర్లో చెబుతాను. ఇక మిగిలింది డిజైన్, ఆన్‌లైన్ దుకాణం కలిపి 50,000. అసలు సంగతి ఇక్కడే ఉంది. నెలకు నలభై ఆర్డర్లంటే రోజుకు రెండు కూడా కాదు. రెండు ఆర్డర్ల కోసం కార్ట్ (కొనేవాళ్లు సరుకు వేసుకునే బుట్ట), స్టాక్ లెక్క, పిన్‌కోడ్‌ను బట్టి కొరియర్ చార్జీ, పేమెంట్ గేట్‌వే (సైట్లోనే డబ్బు తీసుకునే ఏర్పాటు) అన్నీ పెట్టించుకుంటే వాటిని రోజూ చూసుకునేదెవరు? బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డను పరిచి లాగే చేతులు మధ్యలో ఆగి, సైట్లో 'స్టాక్ లేదు' అని నొక్కగలవా? పూతరేకు యంత్రంలోంచి వచ్చే సరుకు కాదు. సంక్రాంతి ముందు ఫోన్ చేసినవాళ్లకు 'ఇక కుదరదండీ' అని చెప్పగలుగుతున్నారు. కార్ట్‌కు ఆ మర్యాద తెలియదు, డబ్బు తీసుకుంటూనే ఉంటుంది. తర్వాత ఆ డబ్బు వెనక్కి పంపే టెన్షన్ మీది.

నేనైతే మొదటి ఏడాది నాలుగు పేజీల సైటుతో సరిపెట్టమంటాను. బెల్లంవి, పంచదారవి, డ్రైఫ్రూట్స్‌వి ధరలతో ఒక పేజీ. ఎలా చేస్తారో ఒక పేజీ. ఎన్ని రోజుల్లో చేరుతుంది, దారిలో నలిగిపోతే ఏం చేస్తారు అన్నది ఒక పేజీ. చివరిది చిరునామా, ఫోన్ నంబర్లు. ప్రతి పేజీలో కింద వాట్సాప్ బటన్. దాన్ని నొక్కితే 'బెల్లం పూతరేకులు ఎన్ని బాక్సులు, ఏ ఊరికి?' అన్న సందేశం సిద్ధంగా తెరుచుకునేలా చేయమనండి. సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఈ పని చేసేవాళ్లు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. నా అంచనాలో 12 నుంచి 18 వేలు.

డబ్బు ఇప్పటిలాగే యూపీఐలో తీసుకోండి. గేట్‌వే పెడితే సాధారణంగా 2 శాతం, ఆ రుసుము మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. అంటే వెయ్యి రూపాయల ఆర్డర్‌కు 23 రూపాయల 60 పైసలు. ఆర్డర్లు ఫోన్లో తట్టుకోలేనంత పెరిగిన రోజున అదే సైటుకు దుకాణం తగిలించుకోవచ్చు.

కొటేషన్లో రాయనిది ఇంకొకటుంది. సైటు తయారీ పెళ్లి ఖర్చయితే, ఏటా కట్టేది కాపురం ఖర్చు. డాట్ ఇన్ డొమైన్‌కు ఏడాదికి సుమారు వెయ్యి లోపు, చిన్న సైటు హోస్టింగ్‌కు మూడు నుంచి అయిదు వేలు అనుకోండి. చాలా కంపెనీలు మొదటి ఏడాది తక్కువకిచ్చి రెండో ఏడాది రెట్టింపు అడుగుతాయి. 'రెన్యువల్ ఎంత?' అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి.

మీరు తినుబండారం అమ్ముతున్నారు కాబట్టి సైటు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబర్ పెట్టండి. వేరే రాష్ట్రానికి పంపుతున్నారు గనక జీఎస్టీ సంగతి మీ ఆడిటర్‌తో ఒకసారి మాట్లాడండి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది కదా అని ఆ లోగో మాత్రం తగిలించేయకండి. అధీకృత వినియోగదారుగా నమోదైనవాళ్లకే ఆ హక్కు.

ఫొటోగ్రాఫర్‌కు విడిగా 8,000 అడిగారట. వద్దు. ఉదయం ఎండ ముదరకముందు, కుండ మీంచి రేకు లేచే క్షణాన్ని వెలుతురు వెనక నుంచి పడేలా ఫోన్‌తోనే తీయండి. రేకు అవతల వేళ్లు కనపడాలి. ఆ ఒక్క ఫొటో చాలు. ఫోన్ ఫొటో నాలుగైదు ఎంబీ ఉంటుంది, సైట్లో ఎక్కించేముందు 200 కేబీకి తగ్గించమనండి.

ప్రశ్న: నరసాపురంలో లేసు అల్లికల వ్యాపారం. మూడేళ్ల కిందట ఒక కుర్రాడు డాట్ కామ్ సైటు చేసిపెట్టాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. డొమైన్ వచ్చే నెల అయిపోతోంది. నేనే కట్టుకోవచ్చా?

జవాబు: డొమైన్ ఎవరి ఖాతాలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. పాలకొల్లులో మా బావ లాడ్జి సైటు ఇలాగే పోయింది. బిల్లు బావ కట్టాడు, పేరు మాత్రం చేసినవాడి ఖాతాలో ఉంది. పాత విజిటింగ్ కార్డులన్నీ చెత్తబుట్టకు. అందుకే మీ ఉత్తరం చదవగానే ముందు ఇదే రాస్తున్నాను.

డొమైన్ వివరాలు వెతికి చూపే సైట్లలో (హూఈజ్ అంటారు) మీ డొమైన్ పేరు కొట్టి, ఏ రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) దగ్గర ఉందో చూడండి. మీరు కట్టిన బిల్లులు, పాత ఈమెయిళ్లు పట్టుకుని ఆ కంపెనీ సపోర్ట్‌కు ఈరోజే రాయండి. కొన్నిచోట్ల ఖాతా లేకపోయినా రెన్యువల్ డబ్బు కట్టనిస్తారు. దాంతో గడువు గండం గడుస్తుంది, యాజమాన్యం మాత్రం మారదు. కుర్రాడు దొరికితే గొడవపడకుండా 'ఆథరైజేషన్ కోడ్' ఇమ్మనండి. అదుంటే డొమైన్‌ను మీ సొంత ఖాతాకు మార్చుకోవచ్చు. ఒకవేళ గడువు దాటినా డాట్ కామ్ వెంటనే పరాయివాళ్లపాలు కాదు. రిజిస్ట్రార్‌ను బట్టి కొన్నాళ్లు మామూలు ధరకే దొరుకుతుంది. అక్కడి నుంచి తొలగింపులోకి వెళ్తే మరో 30 రోజుల్లో భారీ రుసుముతో వెనక్కి తెచ్చుకోవచ్చు. అదీ దాటితే ఎవరైనా కొనుక్కుంటారు.

ప్రశ్న: కడియపులంకలో మాకు నర్సరీ ఉంది. మొక్కల జాబితా తెలుగులో ఉంది. సైట్లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి. ఫాంట్ కొనాలా?

జవాబు: కొనక్కర్లేదు. ఆ జాబితా డీటీపీ సెంటర్లో 'అను' అనే ఫాంట్లలో కొట్టించి ఉంటారు. అచ్చుకు అది బాగానే ఉంటుంది, వెబ్‌కు యూనికోడ్ (ఏ ఫోన్లోనైనా తెలుగు తెలుగులాగే కనపడే పద్ధతి) కావాలి. అనును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉచితంగా దొరుకుతాయి. మార్చాక ఒత్తులు ఒకసారి సరిచూసుకోండి, అక్కడే ఎక్కువగా చెడతాయి. నాలుగు వందల మొక్కలూ ఒకేసారి ఎక్కించే పని పెట్టుకోకండి. ఎక్కువమంది అడిగే ముప్పై మొక్కల పేర్లు, కుండీ సైజు, ఎత్తు, ధరతో మొదలుపెట్టండి. మిగతావి ఖాళీ దొరికినప్పుడల్లా రోజుకు రెండు.