"అక్కా, ఒక్కసారి చూసి పెట్టవా?"

ప్రశ్న: మేడమ్, మాది నల్గొండ జిల్లా. ఒహాయోలో ఎమ్మెస్ రెండో సంవత్సరంలోకి వచ్చాను. మా యూనివర్సిటీ రైటింగ్ సెంటర్లో ట్యూటరు ఉద్యోగం దొరికింది, సోమవారం చేరాలి. తోటి విద్యార్థులు వ్యాసాలు తెచ్చుకుంటే పక్కన కూర్చొని సాయం చేయాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నేను పుట్టుకతో ఇంగ్లిషు వచ్చినవాళ్ళకు ఏం చెప్పగలను? నర్సింగ్, చరిత్ర చదివేవాళ్ళ పేపర్లు నాకు అర్థమే కాకపోతే? మరో బెడద కూడా ఉంది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మా అపార్ట్‌మెంట్లోని తెలుగువాళ్ళు రాత్రి పదకొండింటికి ఫైళ్ళు పంపి, "అక్కా, ఒక్కసారి చూసి పెట్టవా?" అంటున్నారు. కాదనలేక సగం నేనే రాసి పెడుతున్నాను.
– ఒక పాఠకురాలు, ఒహాయో

జవాబు: అమ్మాయీ, నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు. నేనూ 1996లో అమెరికాలో ఇదే కుర్చీలో కూర్చున్నదాన్ని.

చేరిన రెండో వారంలోనే పెద్ద తప్పు చేశాను. మొక్కజొన్న పండించే కుటుంబం నుంచి వచ్చిన అబ్బాయి ఒకడు తమ ఊరి చెరువు గురించి నాలుగు పేజీలు రాసుకొచ్చాడు. వాక్యాలు కుంటుతున్నాయి. వాడి పెన్సిలు తీసుకొని ఒక పేరా మొత్తం తిరగరాసి, 'అమీలియరేట్' (మెరుగుపరచడం) అనే మాట ఒకటి పొదిగాను. ఎంత మురిసిపోయానో! తరువాతి వారం వాడు మళ్ళీ వచ్చి, కాగితం బల్ల మీద పెట్టి, "ఈ మాటకు అర్థం ఏమిటని మా ప్రొఫెసర్ అడిగారు, నాకు తెలియలేదు" అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. వాడు నాకు క్షమాపణ చెప్పాడు. ఆ రోజు నుంచి నా చేతులు బల్ల కిందే పెట్టుకునేదాన్ని.

స్టీఫెన్ నార్త్ 1984లో రాసిన ఒక వ్యాసాన్ని మీ సెంటర్లో తప్పకుండా చదివిస్తారు. తన సాటి ఇంగ్లిషు అధ్యాపకులే రైటింగ్ సెంటరును తప్పులు దిద్దే దుకాణంగా చూస్తున్నారన్న చిరాకుతో రాశాడాయన. మన పని కాగితాన్ని బాగుచేయడం కాదు, రాసే మనిషికి చేయి తిరిగేలా చేయడం అన్నది అందులోని సారం. నేను దాన్ని చెరువు అబ్బాయి వచ్చి వెళ్ళాక చదివాను. ముందే చదివి ఉన్నా బుర్రకెక్కేది కాదేమో.

ఇక నీ ఇంగ్లిషు సంగతి. 'నాకు ఆకలి వేస్తోంది' అంటాం కదా, అక్కడ 'నేను' ఎందుకు రాదో ఎవరైనా అడిగితే టక్కున చెప్పగలవా? పుట్టుకతో ఇంగ్లిషు వచ్చినవాళ్ళదీ అదే పరిస్థితి. "ఇలా అంటే వినడానికి బాగోదు" అంటారు, ఎందుకని అడిగితే తెల్లముఖం వేస్తారు. సూత్రం బట్టీపట్టి నేర్చుకున్న నువ్వే కారణం చెప్పగలుగుతావు. ఇంగ్లిషులో 'ద' (the) ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ అనుమానమే. మనకు అది లేదు మరి! 'పుస్తకం కొన్నాను' అంటే ఏ పుస్తకమో ఎదుటివాడు సందర్భాన్ని బట్టి పోల్చుకుంటాడు. తెలియనప్పుడు తెలియదని చెప్పి, పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ళు ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టిన రైటింగ్ ల్యాబ్ పేజీలు తెరిచి ఇద్దరూ కలిసి వెతకండి. వెతకడం ఎలాగో వాళ్ళకూ అలవాటవుతుంది.

నర్సింగ్ పేపరు అర్థం కాకపోతే దిగులెందుకు? గట్టిగా చదవమను. తను రాసిందే తను చదువుతూ ఎక్కడో ఒకచోట తడబడతారు. అక్కడ ఆపి, "ఇక్కడ 'ఇది' అంటే ఏది?" అని అడుగు. విషయం తెలిసినవాళ్ళు ఆ ప్రశ్న అడగలేరు, మనసులోనే పూరించుకుంటారు. స్పెల్లింగులు, కామాలు చివరికి ఉంచు. అసలు ఏం చెప్పదలిచారో తేలకుండా కామాలు సర్దడం గోడ లేవకముందే సున్నం వేయడం లాంటిది. చాట్‌బాట్ రాసిచ్చింది తెచ్చినా అదే ప్రశ్న అడుగు, అది వాళ్ళ రాత కాదని తేలడానికి ఎక్కువసేపు పట్టదు.

అసలు చిక్కు అపార్ట్‌మెంట్‌లో ఉంది. మనవాళ్ళ మొహమాటం సముద్రాలు దాటినా వదలదు. 'చూసి పెట్టు' అంటే 'రాసి పెట్టు' అని వాళ్ళకూ తెలుసు, నీకూ తెలుసు. వాళ్ళ పేరు మీద నువ్వు రాసింది బయటపడితే ఇద్దరినీ విచారణకు పిలుస్తారు. సస్పెన్షన్ దాకా వెళితే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ళకు చదువుతో పాటు అక్కడ ఉండే హక్కుకే ముప్పు. ఈ మాట వాళ్ళతో ఒక్కసారి, నవ్వకుండా చెప్పు.

అయినా ముఖం మీద కాదనడం నీకు చేతకాదని ఉత్తరంలోనే తెలుస్తోంది. నేను చేసిన ఉపాయం చెబుతాను. ఫైలు పంపితే తెరవకు. "లాప్‌టాప్ పట్టుకొని వంటింట్లోకి రా, నువ్వు చదువు, నేను వింటాను" అను. నువ్వు ఉల్లిపాయలు తరుగుతూ ఉండు. చేతులకు ఆ వాసన ఉంటే ఎవరి కీబోర్డూ ముట్టుకోబుద్ధి కాదు. సగం మంది అసలు రారు. వచ్చినవాళ్ళకు నిజంగానే సాయం కావాలి, వాళ్ళకు అన్నం కూడా పెట్టు. రాత్రి తొమ్మిది దాటితే మాత్రం వంటిల్లు మూసేశానని చెప్పు. సెమిస్టరు నడిచేటప్పుడు మీకు క్యాంపస్‌లో పని వారానికి 20 గంటలే కదా, ఈ రాత్రి డ్యూటీ అందులో లేదు.

మొదటి రెండు వారాలు ఎవరూ రాకపోతే బెంగపడకు, నీ హోంవర్కు తీసుకెళ్ళు. మిడ్‌టర్మ్‌లు మొదలయ్యాక మంచినీళ్ళు తాగడానికి కూడా తీరిక ఉండదు.