మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ చివరలు వెతికే పనిలో దిగుతున్న నిఖిలకు

చి. నిఖిలకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెయిల్ చదివాను. ఒక్కో కణజాలంలో మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ ఎక్కడ ముగుస్తోందో కంప్యూటర్‌తో పట్టుకునే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషం వేసింది. మనుషుల కణజాలాల ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ డేటా చేతిలో ఉంది కాబట్టి, ప్రోగ్రామ్ నడిపి తేడాల జాబితా వెంటనే తీసేస్తానని రాశావు. అంత తొందర వద్దు తల్లీ. ముందు చివరలు నిజంగా ఎక్కడున్నాయో తేల్చుకో. ఏ కణజాలంలో ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న పోలిక ఆ తర్వాతే మొదలుపెట్టు. ఈ రంగంలో చాలామంది రెండో పనితో మొదలుపెట్టి, మొదటి పని ప్రోగ్రామే చేసిపెట్టిందనుకుంటారు.

జీవశాస్త్రం నీకు తెలిసిందే. అయినా లెక్కకు పనికొచ్చే కోణంలో ఒకసారి గుర్తు చేస్తాను. ఆర్‌ఎన్‌ఏను తయారుచేసే ఎంజైమ్, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్, జన్యువు చివర దగ్గర తనంతట తాను ఆగిపోదు. అది ముందుకు పోతూ ఉండగానే వెనక ఒకచోట కణంలోని ప్రొటీన్లు ఆర్‌ఎన్‌ఏను కోసి, అక్కడ పాలీ-ఏ తోకను, అంటే ఏ అక్షరాల పొడవాటి వరుసను, తగిలిస్తాయి. ఎక్కడ కోయాలో చెప్పే ముఖ్యమైన గుర్తు ఏఏయూఏఏఏ అనే ఆరు అక్షరాలు. దీన్ని 1976లో ప్రౌడ్‌ఫుట్, బ్రౌన్‌లీ గుర్తించారు. కోత సాధారణంగా ఆ గుర్తుకు 10 నుంచి 30 బేస్‌ల (అక్షరాల) దిగువన పడుతుంది. ఆ ఆరు అక్షరాలే అన్నీ తేల్చవు. కొంచెం ఎగువన యూజీయూఏ, కోతకు దిగువన జీ-యూలు ఎక్కువగా ఉండే ముక్క, వీటిని పట్టుకునే ప్రొటీన్లు ఆ కణంలో ఎంత ఉన్నాయన్నది, అన్నీ కలిసి తేలుస్తాయి. మనిషి జన్యువుల్లో సగానికి పైగా వాటికి ఇలాంటి కోత స్థలాలు ఒకటికన్నా ఎక్కువే ఉన్నాయి. వాటిలో మొదట వచ్చే స్థలం తరచుగా బలహీనంగా, చివరిది బలంగా ఉంటుంది. అందుకే కణంలో కోసే ప్రొటీన్ల మోతాదు మారితే ముగింపూ మారుతుంది.

ఇందులో రెండు రకాల మార్పులను మొదటి రోజు నుంచీ వేరుగా పెట్టుకో. ఒకటి, చివరి ఎక్సాన్‌లోనే (ఎక్సాన్ అంటే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలో మిగిలే ముక్క) వరుసగా రెండు మూడు కోత స్థలాలు ఉండటం. అప్పుడు ప్రొటీన్ మారదు, 3′ యూటీఆర్, అంటే ప్రొటీన్ క్రమం అయిపోయాక చివర మిగిలే భాగం, దాని పొడవు మాత్రమే మారుతుంది. రెండోది, మామూలుగా కత్తిరించి తీసేసే ఇంట్రాన్‌లోనో మరో చివరి ఎక్సాన్‌లోనో ముగియడం. అప్పుడు ప్రొటీనే మారిపోతుంది. బి కణాల్లో ఇమ్యునోగ్లోబులిన్ ఎం కథ ఈ రెండో రకానిదే. ఒక ముగింపు వస్తే యాంటీబాడీ కణం పొరకు అతుక్కుని ఉంటుంది, మరో ముగింపు వస్తే బయటికి విడుదలవుతుంది. 1980లోనే ఇది తెలిసింది. ఈ రెండు రకాలనూ ఒకే కొలతతో, ఒకే పట్టికలో కలిపేస్తే ఆ పట్టికకు అర్థం ఉండదు.

పొడవు మారితే ఏమవుతుందిలే అనుకోకు. బీడీఎన్‌ఎఫ్ జన్యువు ఆర్‌ఎన్‌ఏ పొడుగు రూపం నాడీకణం కొమ్మల్లోకి, అంటే డెండ్రైట్లలోకి చేరుతుంది. పొట్టి రూపం ఎక్కువగా కణం నడుమే ఉండిపోతుంది. ఆల్ఫా థలసీమియా ఉన్న కొందరిలో డీఎన్‌ఏలో ఏఏటీఏఏఏగా ఉండే అదే గుర్తులోని చివరి ఏ స్థానంలో జీ వచ్చింది. ఆ ఒక్క అక్షరంతో హిమోగ్లోబిన్ తయారీ దెబ్బతింది. మనం రాసే పట్టికను చూసి ఎవరో ఒకరు యూటీఆర్ మీద మందును గురిపెడతారు. మనం చూపించిన చివర అబద్ధమైతే ఆ మందు ఏ కణంలోనూ లేని ముక్కను వెతుకుతుంది. నేను ఇంత పట్టుబట్టేది అందుకే.

ఇక డేటా దగ్గరికి వద్దాం. నీ దగ్గరున్నది ఏ రకం డేటానో ముందు అడిగి తెలుసుకో. ఆర్‌ఎన్‌ఏ చివరలనే పట్టి చదివే పద్ధతులు వేరు, మామూలు ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ వేరు. మొదటి రకంలో చివర నేరుగా కనిపిస్తుంది. కానీ అందులో చాలా పద్ధతులు తోకను పట్టుకోవడానికి టీ అక్షరాల వరుస ఉన్న ప్రైమర్ (నకలు తీయడం మొదలుపెట్టడానికి అతికించే చిన్న డీఎన్‌ఏ ముక్క) వాడతాయి. ఆ ప్రైమర్‌కు తోక అయినా ఒకటే, ఆర్‌ఎన్‌ఏ మధ్యలో ఏ అక్షరాలు దట్టంగా ఉన్న చోటైనా ఒకటే. అలా మధ్యలో అతుక్కుంటే లేని చివర పుట్టుకొస్తుంది. దీన్నే ఇంటర్నల్ ప్రైమింగ్ అంటాం. దీన్ని పట్టుకోవడానికి, కోత స్థలానికి దిగువన జీనోమ్‌లో ఏముందో చూడాలి. పక్కనే ఆరు ఏలు వరుసగా ఉన్నా, 10 బేస్‌ల్లో ఏడుకు పైగా ఏలే ఉన్నా అనుమానించాలి. ఇది వాడుకలో ఉన్న నియమమే. కానీ దీన్ని గుడ్డిగా వాడకు. దిగువన ఏలు ఉన్న నిజమైన కోత స్థలాలూ ఉన్నాయి. ఎగువన సరైన దూరంలో ఏఏయూఏఏఏ ఉండి, వేరే పద్ధతితో తీసిన డేటాలోనూ ఆ చివర కనిపిస్తే ఉంచు.

మామూలు సీక్వెన్సింగ్‌లో చిక్కు ఇంకా ఎక్కువ. తోకలోకి వెళ్ళే రీడ్స్, అంటే యంత్రం చదివిన చిన్న ముక్కలు, చాలా తక్కువ. అందుకని డాపార్స్ లాంటి ప్రోగ్రామ్‌లు కవరేజీ (ఒకచోట పడిన రీడ్స్ సంఖ్య) ఎక్కడ తగ్గిందో చూసి, అక్కడ పొట్టి రూపం ముగిసిందని అంచనా వేస్తాయి. 2014లో అది వచ్చినప్పుడు ఈ రంగానికి పెద్ద మేలే జరిగింది. అప్పటికే పోగుపడి ఉన్న డేటా మొత్తం ఒక్కసారిగా పనికొచ్చింది. కానీ వీధి దీపాలు ఆగిన చోటే ఊరు అయిపోయిందనుకుంటే ఎలా? కవరేజీ తగ్గడానికి కారణాలు ఎన్నో. యూటీఆర్ మధ్యలో ఆలూ లాంటి పునరావృత ముక్క ఉంటే రీడ్స్ ఒకేచోట కుదరక పడిపోతాయి, అక్కడ గుంత కనిపిస్తుంది. యూటీఆర్‌లోనే ఒక ఇంట్రాన్ ఉండి స్ప్లైస్ అయిపోతే, అంటే కత్తిరించి తీసేస్తే, మెట్టు కనిపిస్తుంది. ఎదురు దిశలో వచ్చే పక్క జన్యువు చివర దీని చివర మీదికి వస్తే, స్ట్రాండ్ సమాచారం (ఆర్‌ఎన్‌ఏ ఏ దిశలో తయారైందన్నది) లేని డేటాలో రెండూ కలిసిపోతాయి. అన్నిటికన్నా మోసం చేసేది ఆర్‌ఎన్‌ఏ పాడవడం. తోక పట్టుకుని తీసిన లైబ్రరీలో (సీక్వెన్సింగ్‌కు సిద్ధం చేసిన నమూనాలో), విరిగిన ఆర్‌ఎన్‌ఏ నుంచి చివరి ముక్కలే మిగులుతాయి. అప్పుడు 3′ వైపు కవరేజీ పెరిగి, పొడుగు రూపాలే ఎక్కువైనట్టు లెక్క వస్తుంది. నమూనా ఎంత పాడైందో చెప్పే ఆర్ఐఎన్ సంఖ్యను పట్టించుకోకపోతే, కణజాలాల మధ్య తేడా అని నువ్వు చూపేది వాటిని ఎంత ఆలస్యంగా భద్రపరిచారన్న తేడానే కావచ్చు.

ఇంకో సంగతి. ఇలాంటి ప్రోగ్రామ్‌లు చాలావరకు జన్యువు ఆఖరి చివర ఎక్కడుందో అనొటేషన్ (జన్యువుల హద్దులు రాసి ఉన్న జాబితా) నుంచి తీసుకుంటాయి. మెదడులో చాలా జన్యువుల యూటీఆర్‌లు అనొటేషన్‌లో రాసినదానికన్నా పొడుగ్గా సాగుతాయి. ఆ పొడవు ప్రోగ్రామ్‌కు తెలియకపోతే మెదడు గురించి అది చెప్పే మాటే తప్పవుతుంది.

అందుకే చివరల జాబితా నువ్వే కూర్చుకో. జెన్‌కోడ్ అనొటేషన్, కోత స్థలాల డేటాబేస్‌లైన పాలీఏసైట్, పాలీఏ డీబీ, ఈ మూడింటితో మొదలుపెట్టు. నీ సొంత డేటాలో చివర ఏలతో ముగిసి, ఆ ఏలు జీనోమ్‌తో సరిపోలని రీడ్స్ ఉంటాయి. వాటిని ఏరి ఆ జాబితాకు కలుపు. అవి కొన్నే ఉన్నా విలువైనవి. కోత ఎప్పుడూ ఒకే అక్షరం దగ్గర పడదు, అటూ ఇటూ జరుగుతుంది. కాబట్టి దాదాపు 24 బేస్‌ల లోపున్న వాటిని ఒకే గుంపుగా చూడు. కోత పడిన చోట జీనోమ్‌లోనే ఏలు ఉంటే, ఏది జీనోమ్‌ది, ఏది తోకది అన్నది ఎవరూ చెప్పలేరు. అక్కడ ఒక్క అక్షరం దాకా కచ్చితత్వం చూపించకు. జాబితా సిద్ధమయ్యాక క్యూఏపీఏ లాంటి పద్ధతి వాడితే, తెలిసిన చివరల్లో దేనికి ఎంత వాటా అన్నది మాత్రమే అది లెక్కిస్తుంది. చివరను కొత్తగా ఊహించదు. నేనైతే మామూలు సీక్వెన్సింగ్ డేటాకు ఈ దారే ఎంచుకుంటాను. కొత్త చివరలను వెతకడాన్ని వేరే పనిగా, వేరే సాక్ష్యంతో చేస్తాను.

డీప్ లెర్నింగ్ మోడల్స్ గురించి అడిగావు. అపారెంట్ లాంటివి లక్షల సంఖ్యలో కృత్రిమ క్రమాల మీద నేర్చుకున్నాయి. ఒక స్థలం ఎంత బలమైనదో బాగానే చెబుతాయి. కానీ క్రమం అన్ని కణజాలాల్లో ఒకటే కదా. తేడా తెచ్చేది ఆ కణంలోని ప్రొటీన్లు. మోడల్ మాటను ఒక సాక్ష్యంగా తీసుకో, తీర్పుగా తీసుకోకు.

ప్రోగ్రామ్ నడిచాక, కొత్త ఫలితాలు తెరవకముందు తెలిసిన జవాబులతో పరీక్షించు. ఈ పరీక్ష మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలకు. మెదడులో యూటీఆర్‌లు పొడుగ్గా, వృషణాల్లో పొట్టిగా ఉండాలి. ఇది ఎన్నో పద్ధతులతో, ఎన్నో జీవుల్లో తేలిన విషయం. నీ లెక్కలో ఈ రెండూ తిరగబడితే స్ట్రాండ్ తారుమారైందేమో చూడు. రెండింటి మధ్య తేడానే కనిపించకపోతే నీ జాబితాలో పొడుగు చివరలు ఉన్నాయో లేవో చూడు. అలాగే కణం తన డీఎన్‌ఏకు నకలు తీసుకునే సమయంలో పనిచేసే హిస్టోన్ జన్యువులను చూడు. వాటి ఆర్‌ఎన్‌ఏకు మామూలుగా పాలీ-ఏ తోక ఉండదు, చివర ఒక మెలిక ఉంటుంది. ఆ జన్యువుల్లో నీ ప్రోగ్రామ్ బోలెడు పాలీ-ఏ చివరలు కనిపెట్టిందంటే, మిగతా జన్యువుల్లో కనిపెట్టినవాటిని కూడా ఇంకా నమ్మకు.

పోలిక దగ్గర నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది కణజాలం అన్న మాటే. కణజాలం అంటే రకరకాల కణాల కలగలుపు. మెదడు ముక్కలో నాడీకణాలతో పాటు గ్లియా కణాలూ ఉంటాయి. ఒక నమూనాలో నాడీకణాల వాటా తగ్గితే, ఏ కణంలోనూ ఏమీ మారకుండానే పొడుగు రూపాల వాటా పడిపోతుంది. విభజన చెందుతున్న టి కణాల్లో యూటీఆర్‌లు పొట్టివవుతాయని 2008లో, చాలా క్యాన్సర్ కణాల్లోనూ అంతేనని 2009లో తెలిసింది. కాబట్టి ఒక కణజాలంలో విభజించే కణాలు ఎక్కువుంటే ఆ లెక్క కూడా కలుస్తుంది. సింగిల్ సెల్ డేటా దొరికితే కణ రకాల వారీగా సరిచూడు. అందులోనూ ఎక్కువగా వాడే పద్ధతి 3′ చివరనే చదువుతుంది కాబట్టి మనకు కలిసొస్తుంది. ఇంటర్నల్ ప్రైమింగ్ మాత్రం అక్కడా ఉంటుంది.

మరణించిన దాతల కణజాలాల నుంచి సేకరించిన జీటెక్స్ డేటా వాడితే గుర్తుంచుకో, ఒకే దాత నుంచి చాలా కణజాలాలు తీశారు. ఆ నమూనాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివని లెక్కిస్తే పి విలువలు అబద్ధంగా చిన్నవైపోతాయి. దాతను మోడల్‌లో పెట్టు. మరణం తర్వాత నమూనా తీయడానికి పట్టిన సమయాన్నీ పెట్టు. రెప్లికేట్ల, అంటే ఒకే రకం కణజాలానికి వేర్వేరు నమూనాల, రీడ్స్ అన్నీ కలిపి ఒకే పట్టికగా చేసి ఫిషర్ టెస్ట్ నడపకు. మనిషికీ మనిషికీ ఉండే తేడా అందులో మాయమైపోతుంది. రీడ్స్ తక్కువగా ఉన్న జన్యువుల్లో వాటాలు ఊగిసలాడతాయి, వాటిని ముందే పక్కన పెట్టు. పి విలువతో పాటు వాటా ఎంత మారిందో కూడా ఒక హద్దు పెట్టుకో.

రాసేటప్పుడు "కోత స్థలం ఎంపిక మారింది" అని వెంటనే రాయకు. "పొడుగు రూపం వాటా తగ్గింది" అని రాయి. ఎంపిక మారకుండానే, పొడుగు రూపాన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అనే చిన్న ఆర్‌ఎన్‌ఏలు త్వరగా నాశనం చేసినా వాటా తగ్గుతుంది. మనం కొలిచింది మిగిలిన ఆర్‌ఎన్‌ఏను. తయారైనంతా మనకు కనిపించదు.

ఆఖరున, పైకి తేలిన జన్యువులను రీడ్స్‌ను జీనోమ్ మీద చూపే ఐజీవీ ప్రోగ్రామ్‌లో తెరిచి కళ్ళతో చూడు. అన్నీ చూడలేవు కానీ, నువ్వు పేరు పెట్టి రాయబోయే ప్రతి జన్యువునూ చూడు. ల్యాబ్‌లో నిర్ధారించమని అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. చాలామంది 3′ రేస్ (ఆర్‌ఎన్‌ఏ చివరి భాగానికి నకళ్ళు పెంచి చూసే పద్ధతి) చేద్దామంటారు. దానిలోనూ టీల ప్రైమరే వాడతారు కాబట్టి, డేటాలో వచ్చిన ఇంటర్నల్ ప్రైమింగ్ తప్పునే అది మళ్ళీ చూపించి నిజమని నమ్మించగలదు. ఆర్‌ఎన్‌ఏ పొడవును నేరుగా చూపే నార్తర్న్ బ్లాట్‌కు ఆ ఇబ్బంది లేదు. నానోపోర్ డైరెక్ట్ ఆర్‌ఎన్‌ఏ డేటా అయితే తోకనూ చదువుతుంది. పొడవైన తోక నిజంగా ఉందో, ఆర్‌ఎన్‌ఏ మధ్యలోని ఏల ముక్కేనో దాంతో తెలిసిపోతుంది. పొడుగు రూపం తగ్గిందని చెప్పడానికి మాత్రం రెండు చోట్ల క్యూపీసీఆర్ (ఒక ముక్క ఎంత ఉందో కొలిచే పరీక్ష) చాలు. రెండు రూపాల్లోనూ ఉండే భాగంలో ఒకటి, పొడుగు రూపంలోనే ఉండే భాగంలో ఒకటి. అయితే దానికి వాడే సీడీఎన్‌ఏను (ఆర్‌ఎన్‌ఏ నుంచి తీసిన డీఎన్‌ఏ నకలును) ర్యాండమ్ ప్రైమర్లతో తయారు చేయమని ముందే చెప్పు.

హిస్టోన్ పరీక్ష, మెదడు-వృషణాల పోలిక అయ్యాక ఆ రెండు గ్రాఫ్‌లు, వాడిన అనొటేషన్ వెర్షన్, ప్రతి నమూనా ఆర్ఐఎన్ నాకు పంపించు. వాటితో పాటు జాబితాలో ఉంచాలో తీసేయాలో నీకు తేలని చివరలు ఒక పాతిక పంపు. కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ