పాటల ఆల్బమ్‌ను సమీక్షించడం ఎలా?

ప్రశ్న: సినిమా పాటలంటే నాకు ప్రాణం. ఈమధ్య ఒక కొత్త సినిమా పాటల మీద రెండు పేజీల సమీక్ష రాసి ఒక పత్రికకు పంపితే, అభినందన పత్రంలా ఉందంటూ తిప్పి పంపారు. నేను సంగీతం నేర్చుకోలేదు. నాలాంటివారు ఆల్బమ్ సమీక్షలు రాయకూడదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిస్సంకోచంగా రాయవచ్చు. సంగీతం రాకపోవడం అంత పెద్ద లోపం కాదు. ‘మధురం’, ‘వీనులవిందు’, ‘అద్భుతం’ అన్న మాటలు ఏ పాటకైనా అతుకుతాయి కనుక, వాటిని చదివినవారికి మీరు విన్నది ఏ పాటో తెలియదు. నచ్చిన చోటో, నచ్చని చోటో ఒకదాన్ని పట్టుకుని అక్కడ ఏం జరిగిందో చెప్పాలి.

1980లో వచ్చిన ‘శంకరాభరణం’ పాటలనే తీసుకుందాం. అందులోని ‘సామజవరగమన’ను బాలసుబ్రహ్మణ్యం, జానకి చక్కగా పాడారని రాసి ఊరుకుంటే, తెలిసిన విషయమే మళ్లీ చెప్పినట్టవుతుంది. ఆ పల్లవి త్యాగరాజస్వామిది, చరణాలు వేటూరివి. కీర్తన ఉన్న హిందోళ రాగంలోనే సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ చరణాలనూ నడిపించడం వల్ల, భాష సంస్కృతం నుంచి తెలుగులోకి, భావం భక్తి నుంచి ప్రణయంలోకి మారినా ఆ అతుకు చెవికి తగలదు. హిందోళం పేరు మీకు తెలియకపోయినా, కీర్తన ఎప్పుడు యుగళగీతమైందో పోల్చుకోలేకపోయానని రాస్తే చాలు, అది సమీక్షే. (రాగం పేరు వేసి చేతులు దులుపుకునే సమీక్షలు ఈమధ్య ఎక్కువయ్యాయి.)

ఎవరి పని ఎంతో విడదీసి చూడటం కూడా అవసరం. మహదేవన్ సాధారణంగా ముందే రాసిన సాహిత్యానికి బాణీ కట్టేవారు; ఇప్పుడు ఎక్కువగా ట్యూన్ ముందు వస్తోంది, మాటలు తరువాత పొదుగుతున్నారు. కాబట్టి హ్రస్వంగా పలకవలసిన అక్షరం సాగిపోయి మాట విరిగినప్పుడు, గాయకుణ్ణి తప్పుపట్టే ముందు ఆ తప్పు బాణీలోనే ఉందేమో చూడండి. దానికి పాటను బొమ్మ లేకుండా, సాహిత్యం కాగితం మీద పెట్టుకుని వినాలి.

ఇక ఆల్బమ్ అంటే పాటల జాబితా కాదు. ఇప్పుడు పాటలు ఒక్కొక్కటిగా విడుదలవుతున్నాయి కనుక, అన్నీ వచ్చాక ఒకే విడతలో వినండి. రెండు పాటలు ఒకే నడకలో ఉన్నాయని అప్పుడే తెలుస్తుంది. ‘శంకరాభరణం’లో త్యాగరాజు, రామదాసు, సదాశివ బ్రహ్మేంద్రుల రచనల పక్కన వేటూరి కొత్త పాటలు ఉన్నాయి, ఆ పొరుగున అవి నిలబడ్డాయా అన్నదే ఆ ఆల్బమ్ గురించి అడగవలసిన ప్రశ్న. నిలబడ్డాయనే నా అభిప్రాయం.

తిరిగి వచ్చిన మీ వ్యాసంలో విశేషణాలన్నీ కొట్టివేసి, మిగిలిన వాక్యాలతో మొదలుపెట్టండి. ఏదైనా పాట గురించి ఒక్క మాటా రాయకుండా దాటేసి ఉంటే, దాన్ని మరోసారి వినండి. ఎందుకు దాటేశారో కూడా రాయండి.