ఆ మెసేజ్ మాస్టారి కొడుక్కి వెళ్లింది

"మార్కెట్ ఇంత వేగంగా పెరుగుతున్న మన దేశంలో ప్రోడక్ట్ మేనేజర్‌కి అసలు కష్టం ఎక్కడొస్తుంది?" అని నన్ను ఒకరు అడిగారు. పోటీ అని, పెట్టుబడి అని చాలామంది చెబుతారు. నా అనుభవంలో అవేవీ కావు. ఖాతాలో రాసిన ఫోన్ నంబరు ఇంట్లో ఎవరిది, కొట్టువాడికీ కొనేవాడికీ ఎన్నేళ్ల పరిచయం, ఇవేవీ తెలుసుకోకుండా యాప్ తయారుచేయడం దగ్గరే కష్టమంతా ఉంది.

2019లో బెంగళూరులో ఒక స్టార్టప్‌లో ప్రోడక్ట్ మేనేజర్‌గా, అంటే యాప్‌లో ఏముండాలో తేల్చే మనిషిగా చేరాను. కిరాణా కొట్లవాళ్లు అరువు పద్దులు ఫోన్లో రాసుకునే యాప్ మాది. బాకీ నెల దాటితే ఖాతాదారుకు దానంతటదే మెసేజ్ వెళ్లేలా చేశాం. వసూళ్లు పెరిగాయి. మీటింగ్‌లో చప్పట్లు కొట్టారు.

సంక్రాంతికి తెనాలి వచ్చినప్పుడు మా వీధి చివర కొట్టుకు వెళ్లాను. ఆ కొట్టాయన్ని చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. ఆయన ఫోన్లో యాప్ వేసింది నేనే. చూస్తే గల్లాపెట్టె పక్కన ఎర్ర అట్ట పద్దు పుస్తకం మళ్లీ తెరిచి ఉంది, దారం కట్టిన పెన్నుతో సహా.

"యాప్ ఏమైంది బాబాయ్?"

ఆయన కందిపప్పు తూచి పొట్లం కట్టి, ఆ మనిషిని పంపించేశాక అన్నాడు: "మాస్టారు రావడం మానేశారురా."

రిటైరైన టీచరు ఆయన. నెల మొదట్లో పెన్షన్ పడగానే బాకీ కట్టేవారు. ఆ నెల ఇంట్లో ఆసుపత్రి ఖర్చు వచ్చి ఆలస్యమైంది. మా యాప్‌లో ఫోన్ నంబరు ఇవ్వనిదే ఖాతా తెరుచుకోదు. ఆ నిబంధన పెట్టింది నేనే. మాస్టారికి తన నంబరు గుర్తులేక హైదరాబాద్‌లో ఉన్న కొడుకు నంబరు ఇచ్చారు. 2,140 రూపాయల బాకీ ఉందని మెసేజ్ ఆ అబ్బాయికి వెళ్లింది. అతను తండ్రికి ఫోన్ చేసి గట్టిగా అడిగాడు. మర్నాడు కొట్టు పూర్తిగా తెరవకముందే మాస్టారు వచ్చి, నోట్లు లెక్కపెట్టి బల్ల మీద పెట్టి, "సరిచూసుకో" అని వెళ్లిపోయారు. ఇరవై ఏళ్ల ఖాతా అది.

బెంగళూరుకు తిరిగెళ్లాక మా లెక్కల్లో చూశాను. ఆ ఖాతా ఎదురుగా పచ్చ రంగులో "వసూలైంది" అని ఉంది. మా విజయాల్లో అదీ ఒకటి. ఆ రోజు నుంచీ పచ్చ రంగు చూస్తే నాకు నమ్మకం కలగదు.

మన దేశంలో నిలబడ్డవన్నీ మనిషి అవసరాన్ని దగ్గరగా చూసి చేసినవే. షాంపూని చిన్న ప్యాకెట్లలో అమ్మాలన్న ఆలోచన తమిళనాడులోని కడలూరులో చిన్నికృష్ణన్ అనే ఆయనకి వచ్చింది. ఏ రోజు కూలి ఆ రోజు చేతికొచ్చేవాళ్లు సీసా కొనలేరని ఆయనకు తెలుసు. యూపీఐ లావాదేవీల సంఖ్య 2023 ఆగస్టులో మొదటిసారి నెలకు వెయ్యి కోట్లు దాటిందంటే, అందులో కొట్లలో అరిచే ఆ చిన్న స్పీకరు డబ్బాకు పెద్ద వాటా ఉందని నా గట్టి నమ్మకం. చేతికి పిండి, నూనె అంటుకుని ఉన్న మనిషి మాటిమాటికీ ఫోన్ తీసి చూడలేడు. డబ్బులు పడ్డాయని చెవిన పడితే చాలు.

ఇంకో బాధ భాష. మా యాప్‌లో రావాల్సిన డబ్బుకి "మీరు పొందుతారు" అని రాశారు. బాకీ, జమ అనే మాటలు మనకు లేవా? తెలుగు తెలిసినవాణ్ణి నేను పక్కనే ఉన్నా, అనువాదాల ఏజెన్సీ పంపిందే పెట్టారు.

భయం సంగతి ఎవరూ మాట్లాడరు. బాబాయ్ మొదట అడిగింది "ఇది నొక్కితే ట్యాక్స్ వాళ్లు వస్తారా?" అనే. సరుకుల వ్యాపారానికి ఆంధ్రాలో ఏడాదికి 40 లక్షల లోపు టర్నోవర్ ఉంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చెప్పాను. ఆయన నమ్మలేదు. మా ఆఫీసులో ఆ భయాన్ని చదువులేనితనం అనుకునేవారు. 2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ వసూళ్లు చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపారు. బెంగళూరులోనే ఎన్నో కొట్లలో యూపీఐ లేదు, నగదు మాత్రమే అని కాగితాలు అంటించారు. బాబాయ్ భయం ఉత్త భయం కాదు.

మాస్టారి సంగతి తెలిశాక, ఆ మెసేజ్‌ని కొట్టువాడు తానుగా నొక్కితేనే వెళ్లేలా మార్పించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. వసూళ్లు తగ్గుతాయని పైవాళ్లు ఒప్పుకోలేదు. నిజంగానే కొంచెం తగ్గాయి. మార్పు వచ్చాక బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్పాను. "ఎవర్ని ఎప్పుడు అడగాలో నాకు తెలుసురా. సాయంత్రానికి మొత్తం బాకీ ఎంతో కూడి చూపించు, చాలు" అన్నాడు. మా యాప్‌లో ఆ మొత్తం మూడో పేజీలో, కింద ఎక్కడో ఉండేది. దాన్ని మొదటి పేజీకి తెచ్చాం. ఆయన ఇప్పుడు పద్దు పుస్తకంలోనే రాసుకుంటాడు, రాత్రి కొట్టు కట్టేముందు మాత్రం యాప్‌లో కూడిక చూసుకుంటాడు.