రెండో ప్రపంచ యుద్ధం నాటి నౌకాదళ అధికారుల క్లబ్బు ఏదైనా ఇప్పటికీ అలాగే ఉందా? చూడటానికి వెళ్ళవచ్చా?

ఉంది, వెళ్ళవచ్చు. కెనడా తూర్పు కొసన, న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్ నగరంలో ఉన్న ‘క్రోస్ నెస్ట్’ క్లబ్బును నేను స్వయంగా చూశాను. 1942 జనవరిలో మొదలైన ఆ క్లబ్బు నేటికీ సభ్యులతో నడుస్తూనే ఉంది. కెనడా ప్రభుత్వం దానిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది.

అది ఎందుకు పుట్టిందో తెలిస్తే ఆ గది విలువ తెలుస్తుంది. న్యూఫౌండ్‌లాండ్ అప్పటికి కెనడాలో కలవలేదు, 1949లో కలిసింది. బ్రిటన్‌కు తిండి, ఇంధనం, ఆయుధాలు చేరవేసే వాణిజ్య నౌకల కాన్వాయ్‌లను, అంటే గుంపులుగా కలిసి సాగే ఓడలను, జర్మన్ జలాంతర్గాముల నుంచి కాపాడే యుద్ధనౌకలకు 1941 నుంచి సెయింట్ జాన్స్ ముఖ్య స్థావరమైంది. కార్వెట్లనే చిన్న నౌకలలో, తడిసిన బట్టలతో, కంటి నిండా నిద్ర లేకుండా ఉత్తర అట్లాంటిక్ దాటి వచ్చిన అధికారులకు, కిక్కిరిసిన ఆ ఊళ్ళో కాసేపు తీరికగా కూర్చునే చోటు ఉండేది కాదు. ఆ లోటు తీర్చడానికి కెప్టెన్ రోలో మెయిన్‌గీ ఒక పాత గోదాము పై అంతస్తును సంపాదించి క్లబ్బుగా మార్పించారు. పైకి చేరడానికి 59 మెట్లు ఎక్కాలి.

ప్రతి ఓడకూ గోడ మీద నాలుగు చదరపు అడుగుల చోటు ఇచ్చి, దానిని మీకు నచ్చినట్టు అలంకరించుకోండని ఆ ఓడ అధికారులకే వదిలేశారు. వాళ్ళు తమ ఓడల చిహ్నాలు, హాస్యచిత్రాలు, గుర్తుగా మిగుల్చుకున్న వస్తువులు తెచ్చి తగిలించారు. అవన్నీ నేటికీ గోడల నిండా కనిపిస్తాయి. చరిత్రకారులు తర్వాత ఏరి కూర్చిన ప్రదర్శనలు నేను చాలానే చూశాను కానీ, ఆ పోరులో ఉన్నవాళ్ళే, మళ్ళీ తిరిగివస్తామో లేదో తెలియని రోజుల్లో, తమ చేతులతో తీర్చుకున్న గోడలు మరెక్కడా చూడలేదు.

అక్కడ నన్ను అన్నిటికంటే కదిలించినది ఒక ఇనుప మేకు. క్లబ్బు తెరిచిన కొత్తలో ఒక రాత్రి అధికారులు నేలచెక్కలోకి మేకు దిగగొట్టే పోటీ పెట్టుకున్నారు. అందులో స్పైక్‌నార్డ్ అనే కార్వెట్ కమాండర్ హ్యూబర్ట్ షాడ్‌ఫోర్త్ కూడా ఉన్నారు. కొద్ది రోజులకే, 1942 ఫిబ్రవరి 10 రాత్రి, కాన్వాయ్ వెంట వెళుతున్న ఆ నౌకను జర్మన్ జలాంతర్గామి టార్పెడోతో ముంచేసింది. ఇంచుమించు అదే సమయంలో హైనా అనే వాణిజ్య నౌకకూ దెబ్బ తగలడంతో, స్పైక్‌నార్డ్ పోయిన సంగతి తోటి నౌకలకు తెల్లవారేదాకా తెలియలేదు. ప్రాణాలతో దొరికినవారు ఎనిమిది మందే, వారిలో షాడ్‌ఫోర్త్ లేరు. ఆ మేకునూ, అది దిగిన చెక్కనూ క్లబ్బు భద్రంగా దాచుకుంది.

ఎక్కువమంది చూడాలనుకునేది మాత్రం యూ-190 అనే జర్మన్ జలాంతర్గామి పెరిస్కోప్‌ను, అంటే నీటి అడుగు నుంచే పైకి చూసే గొట్టాన్ని. 1945 ఏప్రిల్‌లో హాలిఫాక్స్ దగ్గర ఎస్క్విమాల్ట్ అనే కెనడా నౌకను ముంచి, మే నెలలో లొంగిపోయిన జలాంతర్గామి అది. 1963లో అమర్చిన ఆ పెరిస్కోప్ పైకప్పును దాటి బయటికి నిలిచి ఉంటుంది. దానిలోంచి కాన్వాయ్ నౌకలు ఆగిన అదే రేవు కనిపిస్తుంది.

ఇది సభ్యుల క్లబ్బు కాబట్టి సందర్శకులను ఏ వేళల్లో అనుమతిస్తారో ముందుగా కనుక్కుని వెళ్ళండి. వీలైతే కెనడా కార్వెట్ల జాబితా ఒకసారి చదువుకుని వెళ్ళండి. నేను అలా చదివి వెళ్ళబట్టే, గోడ మీద ఒక్కో చిహ్నం ముందు నిలబడినప్పుడు, ఆ ఓడ యుద్ధం ముగిసేదాకా నిలిచిందో, మధ్యలోనే మునిగిందో గుర్తుపట్టగలిగాను.