మేనకోడలికి, పిల్లల డబ్బు గురించి

అమ్మడూ,

పిల్లలిద్దరికీ ఇక నుంచి చేతిఖర్చుకి లెక్కగా డబ్బులిచ్చి, పద్దు కూడా వాళ్ళచేతే రాయిస్తానన్నావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! వెంటనే గుబులూ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

పద్దుదేముంది, వచ్చింది ఒక పక్క, పోయింది ఒక పక్క. చిన్నదానికి మాత్రం వారం వారం ఇవ్వు, ఏడేళ్ళ పిల్లకి నెలంటే ఏం తెలుస్తుంది? నోట్లే ఇవ్వు. ఫోన్‌తో స్కాన్ చేసి కడుతుంటే డబ్బు పోవడం వాళ్ళ కంటికి కనపడదు. పెద్దవాడికి పదేళ్ళు దాటాయిగా, పోస్టాఫీసులో 500 రూపాయలతో తన పేరునే ఖాతా తెరిచి తానే నడుపుకోవచ్చు. దీపావళి టపాసుల డబ్బు వాడి చేతికిచ్చి జాబితా రాయమను. చెల్లెలి వాటా మరిచిపోతాడేమో, పక్కన కూర్చో.

నా భయమంతా వేరే. మీ చిన్నాన్న సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. చిన్నప్పుడు క్రికెట్ బ్యాటు కోసం మట్టి డిబ్బీలో డబ్బులు దాచేవాడు. చుట్టాలు వెళ్తూ చేతిలో పెట్టిన నోటుని చిన్నగా మడిచి, కన్నంలోంచి దూర్చి, డిబ్బీని చెవి దగ్గర ఊపి చూసుకునేవాడు. ఆ ఏడు నాట్లప్పుడు ఎరువుల కొట్లో అప్పు పుట్టలేదు. మీ తాతయ్య రాత్రిపూట డిబ్బీ బోర్లించి, చీపురుపుల్లతో నోట్లన్నీ లాగేశారు. చిల్లర అలాగే ఉంది గనక చప్పుడు మామూలుగానే ఉండేది. తిరునాళ్ళ రోజు పగలగొట్టుకుని చూశాడు. ఏడవలేదమ్మా. ఉన్న చిల్లర ఏరుకుని, అంతా జీళ్ళు కొనుక్కు తినేశాడు. కోతలయ్యాక నాన్న రెట్టింపు ఇచ్చారు, కొత్త డిబ్బీ తెచ్చారు. వాడు మళ్ళీ ఒక్క రూపాయి అందులో వెయ్యలేదు. ఇప్పటికీ వాడి జీతం పదో తారీకు దాటదు. నాన్న ఒక్కమాట అడిగుంటే వాడే పగలగొట్టి ఇచ్చేవాడు.

నెలాఖరున నీకూ చెయ్యి ఆడదు. పాలవాడికి చిల్లర లేదని వాళ్ళ డబ్బుల మీదికి చెయ్యి పోతుంది. అడిగి తీసుకో. ఎప్పుడిస్తావో వాళ్ళ పద్దులోనే రాసి, ఆ రోజుకి ఇచ్చెయ్యి. వాళ్ళు ముందే ఖర్చుపెట్టేసుకుని నీ కొంగు పట్టుకుంటే మాత్రం ఇవ్వకు. నీ సంగతి నాకు తెలుసు, నీ పుల్లఐసు కుక్కపిల్లకి పెట్టేసిన దానివి! గట్టిగా ఉండు తల్లీ. తిట్టకు, దగ్గర కూర్చోబెట్టుకో, డబ్బులు మాత్రం ఇవ్వకు.

సంక్రాంతికి వచ్చినప్పుడు మేం వాళ్ళ చేతిలో పెట్టే డబ్బుని "నేను దాస్తాలే" అని నీ పర్సులో వేసుకోవద్దు. పద్దు పుస్తకాలు వెంట తెండి. నేనిచ్చింది నా ఎదుటే రాసుకోవాలి.

మీ అత్త